బేస్ దద్దరిల్లే ఎలక్ట్రానిక్ సంగీతానికి ఏ హెడ్‌ఫోన్? తరచుగా అడిగే ప్రశ్నలు

హౌస్, టెక్నో, డ్రమ్ అండ్ బేస్, డబ్‌స్టెప్, ట్రాప్ వినేవాళ్లు హెడ్‌ఫోన్ కొనేముందూ, కొన్న తర్వాతా అడిగే ప్రశ్నలివి. చాలామంది "ఏ మోడల్ కొనాలి?" దగ్గరే మొదలుపెడతారు. ఆ ప్రశ్నను నేను కావాలనే కాస్త కిందికి జరిపాను. హెడ్‌ఫోన్ చెవి మీద సరిగ్గా కూర్చోకపోతే రెట్టింపు డబ్బు పెట్టి ఇంకోటి కొన్నా కథ మారదు.

"బేస్ బాగుంది" అంటే అసలు ఏం బాగున్నట్టు?

మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత) నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. అందులో అట్టడుగున ఉన్న 20–250 భాగాన్ని బేస్ అంటున్నాం. ఇదంతా ఒకటే సరుకు కాదు. 20 నుంచి 60 దాకా ఉండేది సబ్-బేస్. వినపడటం కన్నా ఒత్తిడిలా తెలుస్తుంది. డబ్‌స్టెప్‌లో డ్రాప్ (బేస్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) పడగానే కాళ్ల కింద నేల కదిలినట్టుండేది దీనివల్లే. 60 నుంచి 120 దాకా కిక్ (పెద్ద డ్రమ్) దెబ్బలోని బరువు ఉంటుంది. ఆ పైన 250 దాకా ఉన్నది బేస్‌కి నిండుదనం ఇస్తుంది. కానీ అది కాస్త ఎక్కువైతే చాలు, పాట మీద దుప్పటి కప్పినట్టు అంతా ముద్దగా తయారవుతుంది.

"బేస్ ఎక్కువ" అని అమ్మే చవక హెడ్‌ఫోన్లలో చాలావరకు పెంచేది ఈ మూడో భాగాన్నే. మొదటి రెండు నిమిషాలు భలే ఉంటుంది. పావుగంటకి తల బరువెక్కుతుంది. కిక్ ఏదో, బేస్‌లైన్ (అడుగు స్వరాల వరస) ఏదో విడిగా తెలియదు.

నేను చూసే గుర్తులు రెండు. హౌస్ పాటల్లో కిక్ పడ్డ ప్రతిసారీ బేస్‌లైన్‌ని క్షణకాలం తగ్గిస్తారు. దీన్ని సైడ్‌చెయిన్ అంటారు. పాట ఊపిరి పీల్చి వదులుతున్నట్టుండే ఆ ఊపు స్పష్టంగా తెలిస్తే బేస్ అదుపులో ఉన్నట్టే. రెండోది 808. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో కిక్ దెబ్బ పడ్డాక దాని తోక చాలాసేపు సాగుతుంది. ట్రాప్‌లో ఆ తోకనే శ్రుతి చేసి బేస్‌లైన్‌గా వాయిస్తారు. మంచి హెడ్‌ఫోన్‌లో 41 హెర్ట్జ్ దగ్గరున్న 'ఈ' (E) స్వరం, 55 దగ్గరున్న 'ఏ' (A) స్వరం రెండూ వేరువేరుగా వినిపిస్తాయి. నాసిరకం దాంట్లో ఏ స్వరమైనా ఒకటే "బూమ్".

ఇంత చిన్న హెడ్‌ఫోన్‌లోంచి అంత పెద్ద బేస్ ఎలా వస్తుంది?

40 హెర్ట్జ్ తరంగం గాల్లో ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. అంత తరంగం గుప్పెడంత కప్పులో ఎలా పడుతుందని చాలామందికి అనుమానం. పట్టాల్సిన అవసరమే లేదు. గదిలో స్పీకర్ మొత్తం గది గాలిని కదిలించాలి. అందుకే దానికి పెద్ద కోను కావాలి. హెడ్‌ఫోన్ కదిలించాల్సింది డ్రైవర్‌కీ (కప్పులో శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) కర్ణభేరికీ మధ్యనున్న కాస్త గాలిని మాత్రమే.

సైకిల్ పంపు గుర్తుందా? చివర వేలు పెట్టి మూసి నొక్కితే వేలికి ఒత్తిడి గట్టిగా తగులుతుంది. వేలు కాస్త పక్కకి జరిపితే బుస్సున గాలి పోతుంది, ఒత్తిడి మాయం. హెడ్‌ఫోన్ కుషన్ చేసే పని ఆ వేలు చేసే పనే. ఇంకో సంగతి కూడా ఉంది. బేస్‌లో గాలి ఒత్తిడి నెమ్మదిగా, సెకనుకు నలభై, యాభై సార్లు మాత్రమే మారుతుంది. సందు ఉంటే తప్పించుకోవడానికి గాలికి కావలసినంత టైమ్ దొరుకుతుంది. సెకనుకు వేలసార్లు మారే పై స్వరాలకు ఆ టైమ్ ఉండదు. అందుకే లీక్ ఉన్న హెడ్‌ఫోన్‌లో గొంతులు, తాళాలు బాగానే వినిపిస్తాయి, బేస్ ఒక్కటే ఎగిరిపోతుంది.

కొత్త హెడ్‌ఫోన్‌లో అందరూ పొగిడిన బేస్ నాకెందుకు లేదు?

లోపం వస్తువులో ఉందని తేల్చేముందు ఒక పరీక్ష చేయండి. 100 హెర్ట్జ్ నుంచి 30 దాకా నెమ్మదిగా దిగే టోన్‌ని మామూలు వాల్యూమ్‌లో ప్లే చేయండి. 60 దాకా బాగా వినిపించి ఆ కింద ఒక్కసారిగా చచ్చిపోతే, రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా ఒత్తండి. బేస్ పుంజుకుందా? అయితే గాలి ఎక్కడో పోతోంది. కళ్లజోడు కాడ, కుషన్ కిందికి వచ్చిన జుట్టు, చెవి పోగులు, దవడ దగ్గరి గడ్డం, వదులైన హెడ్‌బ్యాండ్, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

నా సంగతి చెబుతాను. దాదాపు ఏడాదిపాటు ఒక హెడ్‌ఫోన్‌ని "బేస్ లేని దద్దమ్మ" అని తిట్టుకుంటూ వాడాను. ఈక్యూలో (ధ్వనిలో ఏ భాగం ఎంత వినిపించాలో మార్చే సెట్టింగ్) బేస్ పెంచీ పెంచీ విసిగిపోయాను. ఒకరోజు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటుంటే పాటలో బేస్ ఠక్కున లేచింది. నా కళ్లజోడు కాడలు వెడల్పువి. అవే కుషన్‌ని ఎత్తిపెడుతున్నాయి. సన్న కాడలున్న జోడుకి మారాక ఈక్యూని మళ్లీ సున్నాకి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇన్-ఇయర్ (చెవి లోపల పెట్టుకునే రకం) అయితే తప్పు దాదాపు ఎప్పుడూ రబ్బరు టిప్స్‌దే. బాక్సులో మూడు సైజులిస్తారు. చాలామంది మధ్యదే పెట్టుకుని వదిలేస్తారు. మూడూ ప్రయత్నించండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టడం మామూలే, అందులో వింతేమీ లేదు. చెవిని వెనక్కీ పైకీ లాగి లోపలికి తిప్పుతూ పెట్టండి. సరిగ్గా కూర్చుంటే బయటి చప్పుడు తగ్గుతుంది, మీ గొంతు మీకే తలలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. రబ్బరు నిలవకపోతే ఫోమ్ టిప్స్ వాడి చూడండి.

ఓవర్-ఇయర్, ఆన్-ఇయర్, ఇన్-ఇయర్: బేస్‌కి ఏది నయం?

ఖర్చుకి తగ్గ సబ్-బేస్ కావాలంటే సరిగ్గా పట్టే ఇన్-ఇయర్‌ని కొట్టేది లేదు. చెవి రంధ్రాన్నే మూసేస్తుంది కాబట్టి చిన్న డ్రైవర్ కూడా 30 హెర్ట్జ్ దాకా సునాయాసంగా దిగుతుంది. గంటల తరబడి వినాలంటే, లేదా చెవిలో ఏదైనా దూర్చుకోవడం నచ్చకపోతే చెవి మొత్తాన్ని కప్పే ఓవర్-ఇయర్ మేలు. ఆన్-ఇయర్ చెవి మీదే కూర్చుంటుంది కాబట్టి గట్టిగా నొక్కితే తప్ప బేస్ నిలవదు. డీజేలు ఏళ్ల తరబడి వాడుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25 అలా గట్టిగా పట్టేదే. బేస్ బాగుంటుంది, కానీ గంట గడిచేసరికి చెవులు నొప్పెడతాయి. చెవి రంధ్రం బయట వేలాడే రకాలకూ, ఎముక ద్వారా వినిపించే రకాలకూ ఈ సంగీతం పెట్టడం దండగ.

క్లోజ్డ్ బ్యాకా, ఓపెన్ బ్యాకా?

క్లోజ్డ్, అంటే కప్పు వెనకభాగం మూసి ఉన్నది. ఎక్కువమందికి ఈ ఒక్క ముక్క చాలు.

ఓపెన్ బ్యాక్‌లో కప్పు వెనకభాగం జాలీలా తెరిచి ఉంటుంది. శబ్దం విశాలంగా, గదిలో వింటున్నట్టు ఉంటుంది. కానీ మామూలు డైనమిక్ డ్రైవర్ ఉన్న చాలా ఓపెన్ హెడ్‌ఫోన్లలో 60–80 హెర్ట్జ్ కింద బేస్ క్రమంగా జారిపోతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 650 గొంతులకు ఎంత పేరు పడ్డాయో, సబ్-బేస్ దగ్గర అంత నిరాశపరుస్తాయి. యాంబియెంట్, మెలోడిక్ టెక్నో లాంటివి ఎక్కువగా వింటూ ఓపెన్ కావాలంటే ప్లానార్ మాగ్నెటిక్ రకం చూడండి. సన్నని పొర అంతటా తీగ పరిచి, మొత్తాన్నీ ఒకేసారి అయస్కాంతాలతో కదిలించే పద్ధతి అది. కుషన్ బాగా అతికితే ఓపెన్ అయినా బేస్ అడుగుదాకా దాదాపు సమంగా దిగుతుంది. "కొట్టిన" ఫీలింగ్ కన్నా "పరుచుకున్న" ఫీలింగ్ ఎక్కువ. నాకు నచ్చుతుంది. కిక్ చెంప మీద తగిలినట్టుండాలనుకునే వాళ్లకి నచ్చకపోవచ్చు.

బాక్స్ మీది "5–40,000 హెర్ట్జ్", "50 ఎంఎం డ్రైవర్", "ఎక్స్‌ట్రా బేస్" మాటల్ని నమ్మొచ్చా?

పేరు గొప్ప, ఊరు దిబ్బ. 5 హెర్ట్జ్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పకుండా ఆ అంకెకు విలువ లేదు. డ్రైవర్ సైజు కూడా అంతే. సరిగ్గా పట్టిన 10 ఎంఎం ఇన్-ఇయర్, లీకయ్యే 50 ఎంఎం ఓవర్-ఇయర్ కన్నా కిందికి దిగుతుంది. వీటి బదులు ఆ మోడల్‌ని కొలిచి ఎవరైనా ఇచ్చిన ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత గట్టిగా మోగుతుందో చూపే గీత) చూడండి. 100 నుంచి 30 దాకా గీత కిందికి జారకుండా ఉందా, 200 దగ్గర గుట్టలా లేచిందా అన్న రెండు సంగతులు చాలు.

సరే, ఇప్పుడు చెప్పండి. ఏ మోడల్?

మోడళ్లు ఏటా మారుతుంటాయి కాబట్టి, ఏళ్ల తరబడి నిలబడ్డ వాటిలోంచి రకానికొకటి చెబుతాను. బయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో: క్లోజ్డ్, మెత్తటి కుషన్, సబ్-బేస్ బాగా దిగుతుంది. పై స్వరాలు మాత్రం కాస్త గుచ్చుతాయి, టెక్నో హై-హ్యాట్లు (డ్రమ్‌సెట్‌లోని చిన్న తాళాలు) ఎక్కువసేపు వింటే చిరాకు. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్: కిక్‌కి బరువు, మంచి ఊపు, ఫోన్‌తోనే హాయిగా నడుస్తుంది. ఊరికే మోగడం కాదు, ఒళ్లు అదరాలి అంటారా? స్కల్‌క్యాండీ క్రషర్ వరస ఉంది. అందులో బేస్‌కి వణికే డ్రైవర్ విడిగా ఉంటుంది, ఎంత వణకాలో ఒక స్లైడర్‌తో పెంచుకోవచ్చు. సరదాకి బాగుంటుంది. స్లైడర్ మొత్తం పెంచితే పాట పోయి వణుకే మిగులుతుంది.

వినే సంగీతాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. డ్రమ్ అండ్ బేస్ నిమిషానికి 170–175 బీట్ల వేగంతో పరిగెడుతుంది. ఒక దెబ్బ ఆగకముందే ఇంకోటి పడుతుంది కాబట్టి అక్కడ బేస్ పరిమాణం కన్నా శుభ్రత ముఖ్యం. 140 దగ్గర నడిచే డబ్‌స్టెప్‌లో దెబ్బల మధ్య చోటెక్కువ, సబ్-బేస్‌ని కాస్త ధారాళంగా ఇచ్చే హెడ్‌ఫోన్ బాగా నప్పుతుంది.

బ్లూటూత్‌లో బేస్ తగ్గుతుందా?

తగ్గదు. ఎస్‌బీసీ, ఏఏసీ, ఎల్‌డాక్ లాంటి కోడెక్‌ల (పాటను కుదించి పంపే పద్ధతుల) తేడా, తెలిస్తే గిస్తే, పై స్వరాల్లో తెలుస్తుంది. బేస్‌కి కావలసిన డేటా చాలా తక్కువ.

కంప్యూటర్‌లో మాత్రం ఒక చిక్కుంది. పాట వింటుండగా కాల్ యాప్ తెరిచి హెడ్‌ఫోన్ మైక్ ఆన్ చేస్తే బ్లూటూత్ కాల్ పద్ధతిలోకి మారిపోతుంది. అంతే, సంగీతం పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు బొంగురుపోతుంది. హెడ్‌ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. కంప్యూటర్ సొంత మైక్‌ని ఎంచుకుంటే మళ్లీ మామూలవుతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటే బేస్‌కి లాభమా?

ప్రయాణాల్లో వినేవాళ్లకి చాలా లాభం. బస్సు, రైలు, విమానం చేసే రొద ఎక్కువగా బేస్ ప్రాంతంలోనే ఉంటుంది. అది మీ పాటలోని సబ్-బేస్‌ని మింగేస్తుంది. నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి రొదను ఎదురు శబ్దంతో చెరిపేయడం) బాగా పనిచేసేది సరిగ్గా ఆ రొద మీదే. కప్పు లోపల మైకు పెట్టి, చెవికి చేరే శబ్దాన్ని చూసి సరిదిద్దుకునే హెడ్‌ఫోన్లలో కళ్లజోడు వల్ల పోయే బేస్ కొంతవరకు వెనక్కి వస్తుంది కూడా. చాలా మోడళ్లలో ఇది ఆన్‌లో ఉన్నప్పుడొక ధ్వని, ఆఫ్‌లో ఇంకో ధ్వని. కొనేముందు రెండూ వినండి.

ఆంప్ కొనాలా?

ఆంప్ అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని బలపరిచే పెట్టె. 32 ఓమ్‌లు (హెడ్‌ఫోన్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), ఆ చుట్టుపక్కల ఉన్న హెడ్‌ఫోన్లకి చాలావరకు అక్కర్లేదు. పైన చెప్పిన డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. ఫోన్‌తో వినేవాళ్లు 250 కొని "సౌండే లేదు" అంటుంటారు. ఫోన్‌కి 32 తీసుకోండి. 80, 250 ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి తగిలించే సౌండ్ పెట్టె) ఉన్నవాళ్లకి. ఆంప్ పెట్టగానే బేస్ రెట్టింపవుతుందని అనుకోవద్దు. వాల్యూమ్ సరిపోతుంటే ఆ డబ్బు దాచుకోండి.

ఈక్యూతో బేస్ పెంచుకోవడం తప్పా?

ఎవరన్నారు? హర్మన్ అనే ఆడియో కంపెనీ పరిశోధకులు శ్రోతల మీద చేసిన పరీక్షల్లో సుమారు 105 హెర్ట్జ్ కింద బేస్ కాస్త పెరిగిన ధ్వనే ఎక్కువమందికి నచ్చింది. ఇష్టపడ్డంలో తప్పు లేదు, పెంచే తీరులోనే తేడా.

ముందు లీక్ లేదని చూసుకోండి. కన్నం ఉన్న కుండలో నీళ్లు పోసినట్టే, లీక్ ఉన్న హెడ్‌ఫోన్‌లో ఈక్యూ పెంచడం. ఆ తర్వాత 100 హెర్ట్జ్ దగ్గర 'లో షెల్ఫ్' ఫిల్టర్ (ఆ అంకె కింద ఉన్నదంతా కలిపి పెంచేది) పెట్టి 3 లేదా 4 డెసిబెల్‌లు పెంచండి. ఎంత పెంచారో అంత మేర ప్రీయాంప్‌ని (ఈక్యూలోని మొత్తం వాల్యూమ్) తగ్గించండి. ఈ రెండో పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. తగ్గించకపోతే ఎలక్ట్రానిక్ పాటలు ముందే పైకప్పు తాకేంత గట్టిగా ఉంటాయి కాబట్టి సిగ్నల్ తెగి, డ్రాప్‌లో బరబరమంటుంది. నింద హెడ్‌ఫోన్ మీద పడుతుంది. ఇంకా ముద్దగా ఉంటే పెంచడం ఆపి, 200–250 దగ్గర రెండు డెసిబెల్‌లు కోసి చూడండి. చాలాసార్లు సబ్-బేస్ పెరిగినట్టే అనిపిస్తుంది.

6 డెసిబెల్‌లు పెంచడమంటే ఆ ప్రాంతంలో నాలుగింతల పవర్ అడగడం. ప్రతి చిన్న డ్రైవర్ దాన్ని మోయలేదు. బరబర మొదలైతే వెనక్కి రండి.

వాల్యూమ్ తగ్గిస్తే బేస్ ఎందుకు మాయమవుతుంది?

అది మన చెవి నైజం. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇప్పటి ప్రామాణిక లెక్కల్లో 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్‌లుగా వినిపించే శబ్దంతో సమానంగా వినపడాలంటే 50 హెర్ట్జ్ టోన్ సుమారు 78 డెసిబెల్‌లు ఉండాలి. గట్టిగా పెట్టేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. అందుకే వాల్యూమ్ పెంచితే బేస్ తన్నుకొస్తుంది. మన చెయ్యి అదే పనిగా ప్లస్ బటన్ మీదికి పోయేదీ అందుకే.

ఇక్కడే జాగ్రత్త పడాలి. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది. అంటే 92 దగ్గర వారానికి రెండున్నర గంటలే. విన్న తర్వాత చెవుల్లో గుయ్‌మంటే ఆరోజుకి ఇంక చాలు. రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో వినడానికి బేస్ ఇంకో 3 డెసిబెల్‌లు పెంచిన ఈక్యూ ఒకటి విడిగా దాచుకోండి. ప్లస్ బటన్ నొక్కడం కన్నా అది నయం.

కొనేముందు ఏం వినాలి?

మీకు బాగా తెలిసిన మూడు పాటలు. ఒకటి పొడవైన సబ్-బేస్ ఉన్నది, ఒకటి కిక్, బేస్‌లైన్ ఒకదాని మీద ఒకటి నడిచేది, ఒకటి గొంతు ఉన్నది. మూడోది ఎందుకంటే, బేస్ వచ్చి గొంతును మింగేస్తోందో లేదో తేలాలి. రెండు హెడ్‌ఫోన్లు పోలుస్తుంటే వాల్యూమ్ సమానంగా ఉంచండి. గట్టిగా మోగిందే మంచిదనిపించడం అందరికీ జరిగేదే. తల ఊపి చూడండి. ఈ సంగీతానికి తల ఊపకుండా ఎలాగూ ఉండలేరు, అప్పుడు కప్పులు జారితే బేస్ కూడా జారుతుంది.

వంద గంటలు మోగిస్తే బేస్ తెరుచుకుంటుందంటారు, నిజమేనా?

మారేది ఎక్కువగా మీ చెవి అలవాటు. కుషన్ కాస్త మెత్తబడి బాగా అతుక్కోవడం వల్ల కొంత తేడా రావచ్చు. మొదటి రోజు నచ్చని హెడ్‌ఫోన్‌ని వంద గంటల ఆశతో ఉంచుకుని, వెనక్కిచ్చే గడువు దాటించుకోకండి.

నేనే ట్రాక్‌లు కడతాను. ఇదే హెడ్‌ఫోన్‌తో మిక్స్ చేయొచ్చా?

బేస్ ఎక్కువగా చూపించే హెడ్‌ఫోన్‌తో మిక్స్ చేస్తే, చాలు కదా అని మీరు బేస్ తగ్గిస్తారు. బయట స్పీకర్లో వింటే ట్రాక్ బక్కచిక్కి ఉంటుంది. మిక్సింగ్‌కి సమంగా వినిపించేది కావాలి, లేదా ఈక్యూతో సమం చేసుకోవాలి. వైరున్నదే వాడండి. బ్లూటూత్ ఆలస్యంతో కీబోర్డ్ వాయించడం నరకం. స్పెక్ట్రమ్ అనలైజర్‌ని (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో తెర మీద చూపేది) తెరిచే ఉంచుకుంటే 40 హెర్ట్జ్ దగ్గర ఏముందో చెవి తప్పినా కన్ను పట్టుకుంటుంది.

క్లబ్‌లో గుండెల మీద తగిలే దెబ్బ హెడ్‌ఫోన్‌లో వస్తుందా?

రాదు. అక్కడ పెద్ద సబ్‌వూఫర్లు కదిలించే గాలి మీ ఛాతీకీ పొట్టకీ తగులుతుంది. హెడ్‌ఫోన్ ఒత్తిడి చెవి దగ్గరే ఆగిపోతుంది. వీపుకి కట్టుకునే, కుర్చీకి బిగించే వణుకు పరికరాలున్నాయి, కొంత భ్రమ కలిగిస్తాయి. అయితే క్లబ్ హాల్లో గోడలకి తగిలి కలగాపులగమయ్యే బేస్‌లైన్‌ని హెడ్‌ఫోన్‌లో స్వరం స్వరంగా వినొచ్చు. నాకు రెండూ కావాలి.

రెండేళ్లు బాగా మోగి, ఈమధ్య బేస్ పలచబడింది. డ్రైవర్ పోయిందా?

ముందు కుషన్ చూడండి. తోలు పొర పొట్టు రాలుతోందా, లోపలి స్పాంజి అణిగిపోయి చెవి డ్రైవర్ జాలీకి తగులుతోందా? చాలాసార్లు పోయేది అదే. ఆ మోడల్‌కి కంపెనీ చేసిన కుషన్లే తెప్పించుకోండి. వేరే రకం వేస్తే మందం, గుడ్డ మారి ధ్వని కూడా మారుతుంది. తోలు తీసి వెల్వెట్ వేస్తే సాధారణంగా బేస్ తగ్గుతుంది. ఇన్-ఇయర్‌లో ఒకవైపే తగ్గితే నాజిల్ జాలీలో గులిమి పేరుకుందేమో వెలుతురులో చూసి, పొడి మెత్తటి బ్రష్‌తో, జాలీ కిందివైపు ఉండేలా పట్టుకుని దులపండి. సూదితో పొడవకండి, జాలీ చిరుగుతుంది.